గొడుగు డ్యూటీ

గ్రిమ్స్‌బీ టౌన్ కౌన్సిల్‌లో ఆ గురువారం
నా డ్యూటీ చీటీ మీద ఒకటే మాట: గొడుగు.
ఎవరికి పట్టాలో రాయలేదు.
"ఇంకెవరికి, ఆయనకే" అన్నాడు సూపర్‌వైజరు.

ఆయన లండన్ నుంచి వస్తున్న నటుడు.
సన్మానం మాత్రం ఎనిడ్ బ్లెంకిన్‌ది,
నలభై ఒక్కేళ్ళు ఊరి పత్రికలో
శుక్రవారం శుక్రవారం సినిమా సంగతి రాసిన మనిషిది.
ఫారాలు నింపించుకోడానికి వెళ్తే చెప్పింది:
"వెనకటికి ఆ కాగితంలోనే చేపలు పొట్లం కట్టేవారు.
నన్ను చదివినవాళ్ళ వేళ్ళు
ఉప్పగా ఉండేవమ్మా."

మా వైపయితే శాలువా, పూలదండ,
మైకు వదలని ఒక వక్త.
ఇక్కడ, మూతబడ్డ సినిమా హాలు ముందు
కాలిబాటలో ఇత్తడి నక్షత్రం పాతారు.
పేరు నేల మీద.
పుస్తకానికి కాలు తగిలితే
కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని.
తొక్కడానికి వీలుగా పేరు చెక్కడం
గౌరవమేనని ఒప్పుకోవడానికి
కాస్త టైము పట్టింది నాకు.

వాన మొదలైంది.
ఈ ఊళ్ళో వాన పైనుంచి పడదు,
రేవు వైపునుంచి అడ్డంగా వస్తుంది,
ఎవరినో వెతుక్కుంటున్నట్టు.

నటుడు కారు దిగాడు.
ఫోన్లన్నీ పొద్దుతిరుగుడు పూలయ్యాయి.
పొడగరి. అతని జుట్టు మీద చుక్క పడకుండా
మునివేళ్ళ మీద నిలబడ్డాను.
నా కుడి భుజం, ఎనిడ్ మొత్తం
తడుస్తూనే ఉన్నాం.

"చిన్నప్పటినుంచీ ఈవిడ రాతలు చదువుతూ పెరిగాను"
అన్నాడు మైకులో.
పాత పత్రికలు తిరగేసి ఫైలు తయారుచేసింది నేనే.
అతని మొదటి సినిమా మీద ఆవిడ రాసింది రెండే వాక్యాలు:
"తలుపు తీసేటప్పుడు కుర్రాడు బాగా చేశాడు.
నోరు తెరిచాక తలుపే నయమనిపించింది."
ఆ ముక్క ఫైల్లో పెట్టాలా వద్దా అని
ఒక మధ్యాహ్నమంతా ఆలోచించి
పెట్టలేదు.

మెడలో బంగారు గొలుసుతో మేయరు తాడు లాగింది.
గుడ్డ జారింది.
చేతి తొడుగులతో కొట్టిన చప్పట్లు
తడి బట్టలు ఉతికినట్టు వినిపించాయి.
"అమ్మా, మీరు కొంచెం ఎడమకు" అన్నాడు ఫొటోగ్రాఫరు.
ఎనిడ్ ఎడమకు జరిగింది. ఇంకా, అన్నాడు. ఇంకా జరిగింది.
నేను ఆవిడ కోటు జేబునే చూస్తున్నాను.
లోపల ఏదో కదులుతోంది.
నోటుబుక్కు తియ్యకుండానే
జేబు చీకట్లో పెన్సిలు నడుపుతోంది,
హాల్లో దీపాలారాక
ఇన్నేళ్ళూ నడిపినట్టే.

మర్నాడు మొదటి పేజీ ఫొటోలో
నటుడు నిండుగా ఉన్నాడు. గొలుసు ఉంది.
గొడుగు ఉంది, పట్టుకున్న చెయ్యి లేదు.
ఎనిడ్‌ది ఒక మోచెయ్యి.
"ఆయన రాకపోతే ఆ మోచెయ్యీ వేసేవారు కాదు"
అన్నాడు సూపర్‌వైజరు.
అదీ నిజమే. అరువు దీపమైనా దీపమే,
చమురు ఎవరిదని చీకటి అడగదు.

పై శుక్రవారం ఎనిమిదో పేజీలో
రిటైరైన అయిదేళ్ళకు
ఆవిడ మళ్ళీ ఒక సమీక్ష రాసింది.

"నిడివి ఎక్కువ. ముఖ్య పాత్రకు మాటలు లేవు.
అతిథి నటుడు అబద్ధాన్ని కూడా
ఈసారి చక్కగా పలికాడు, ఎదిగాడు.
వాన సహజంగా చేసింది.
గొడుగు పట్టిన అమ్మాయి, చివర్లో,
ఎవరూ చూడట్లేదనుకుని
గొడుగును జానెడు ఎడమకు జరిపింది.
మొత్తం మీద నాకు గుర్తుండే షాట్ అదే."

జానెడు.
నేను జరిపానా? ఎంత తలుచుకున్నా
గుర్తు రావడం లేదు.

ఇప్పటికీ ఆఫీసుకు అదే కాలిబాట.
నక్షత్రం దగ్గరికి రాగానే
పక్కకు తప్పుకుని నడుస్తాను.
అక్కడేదో తడి ఉందనుకుని
నా వెనక వచ్చేవాళ్ళూ
తప్పుకుంటారు.